ర్యామ్ మీది స్టిక్కర్

1999 ఎండాకాలం. విడిభాగాలు హైదరాబాద్ నుంచి తెచ్చి, నల్లగొండలో మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్లు బిగించి ఇవ్వడం అప్పట్లో నా పని. గడియారం సెంటర్ దగ్గర నర్సింహ నడిపే డీటీపీ షాపుకు అలాగే ఒకటి ఇచ్చాను. అక్కడ టైపు చేసే షాహెదా ఇద్దరు పిల్లల తల్లి. ఆమె జీతం మీదే ఇల్లు గడిచేది.

నెల తిరగకముందే మిషన్ నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతోందని కబురొచ్చింది. టైపు చేసిన పేజీలన్నీ పోతున్నాయట. వెళ్లి హార్డ్ డిస్కు ఫార్మాట్ చేసి, డైరీలో "వైరస్. ఆపరేటర్ తెచ్చిన ఫ్లాపీలు" అని రాసుకుని, నర్సింహకూ అదే చెప్పాను. రెండోసారి ఇంకా పొట్టిగా రాశాను: "ఆపరేటర్ తప్పు." రెండుసార్లూ క్యాబినెట్ మూత విప్పనేలేదు.

మూడోసారి వెళ్లేసరికి, గిరాకీల ముందే నర్సింహ ఆమెను నిలదీస్తున్నాడు. "సార్ రెండుసార్లు చూసి చెప్పిండు. లోపం నీ చేతులనే ఉన్నది. రేపటి సంది రాకు."

షాహెదా సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. మిషన్ ఆగిన ప్రతిసారీ తేదీ, టైము రాసిపెట్టింది.

"పొద్దుగాల ఒక్కసారన్న ఆగిందా, చూడుండ్రి సార్. మధ్యాహ్నం గది కాగినంకనే ఆగుతాంది. నా చేతులు మధ్యాహ్నమే చెడిపోతయా?"

రోజూ డైరీ రాస్తున్నవాణ్ణి, ఎన్నింటికి ఆగిందని ఒక్కసారీ అడగలేదు. ఈసారి మూత విప్పాను.

ర్యామ్ అనే మెమరీ ఎంత వేగంతో నడవాలో మదర్‌బోర్డు మీద జంపర్ అనే చిన్న తొడుగు మార్చి పెట్టేవాళ్లం. అందులో అరవై ఆరు, వంద మెగాహెర్ట్జ్ అని రెండు వేగాలుండేవి. ర్యామ్ మీద "100" అని స్టిక్కర్ ఉంది కనుక వందకే పెట్టాను. ఇప్పుడు ఆ స్టిక్కర్ గోటితో లేపి జేబులో వేసుకున్నాను. కింద చిప్పుల మీద "10" అని ఉంది. అంటే పది నానోసెకన్లు. ఈ అంకె ఎంత తక్కువైతే చిప్పు అంత వేగం. వంద దగ్గర నిలకడగా నడవాలంటే ఎనిమిది కావాలి. ఇవి అరవై ఆరుకు చేసినవి. చల్లగా ఉన్నంతసేపు ఎలాగో లాక్కొచ్చి, వేడెక్కాక తడబడుతున్నాయి.

జంపర్ అరవై ఆరుకు మార్చి, ఆమెను కూర్చోమన్నాను. సాయంత్రం దాకా పెండ్లి పత్రికలు కొట్టింది. పని కొంచెం నెమ్మదించింది గానీ మిషన్ ఆగలేదు.

నర్సింహ మెల్లగా, రేపు రమ్మన్నాడు.

"నలుగురి ముందు అన్నరు గదా అన్నా, నలుగురి ముందే తప్పయిందనుండ్రి," అంది. నా వైపు తిరిగి, "మీరు గూడ సార్."

ఇద్దరం అన్నాం.

మరునాడే ఆ ర్యామ్ తీసుకుని హైదరాబాద్ వెళ్లి, అది అమ్మిన డీలరు బల్ల మీద పెట్టాను. అతను నవ్వాడు. "వెయ్యిని పది నానోసెకన్లతో భాగించండి సార్, వంద మెగాహెర్ట్జే కదా. లెక్క తప్పా?"

"లెక్క నాకూ వచ్చు. మరి చిప్పు మీది అంకెకు స్టిక్కర్ ఎందుకు కప్పినవ్?"

నవ్వు ఆగింది. వేరే ర్యామ్ ఇచ్చాడు. చిప్పులు చూసి తీసుకున్నాను. మళ్లీ ఆ కొట్టు మెట్టెక్కలేదు.

అతని మీద కోపం నాకిప్పటికీ తగ్గలేదు. కానీ బస్సులో తిరిగి వస్తుంటే, అతను చిప్పు మీద చేసిన పనే నేను మనిషి మీద చేశానని తెలిసొచ్చింది. ఇంటికి రాగానే డైరీ తీసి, "ఆపరేటర్ తప్పు" అన్న మాట పక్కన ఆ స్టిక్కర్ అతికించాను. మాట కొట్టేయలేదు. ఆ తర్వాత ఏ షాపుకు వెళ్లినా ముందు మూత విప్పేవాణ్ణి, ఎన్నింటికి ఆగిందని అడిగేవాణ్ణి.