మూడో చుట్టు

జురాంగ్ ఐలాండ్‌లో పైపులు బిగించి వచ్చే దొరబాబుకు, బుకిట్ పంజాంగ్‌లో గుండ్రంగా తిరిగే చిన్న రైల్లో తలుపు పక్క మూలే కావాలి. అక్కడ ఆనుకుని, కుడి బొటనవేలు చొక్కా అంచుకు తుడుచుకుని ఫోన్‌లో స్లాట్ గేమ్ నొక్కుతాడు, మళ్ళీ తుడుచుకుంటాడు. వంద డాలర్లు కడితే ఇంకో వంద బోనస్ అన్నారు ఆ జూదం యాప్ వాళ్ళు. నిన్న గెలిచాడు కూడా. తీసుకుందామని చూస్తే, బోనస్‌కు ముప్పై రెట్లు పందెం కాసేదాకా తను కట్టిన వంద కూడా బయటికి రాదట. గడువు ఈ సాయంత్రం ఏడింటికట. "నా డబ్బు నాకివ్వడానికి మీకేం రోగంరా!" అని పళ్ళు నూరుతూనే మళ్ళీ నొక్కాడు. గెలిచింది కరిగిపోతోంది, కాయాల్సిన పందెం మాత్రం ఓ పట్టాన తరగడం లేదు.

దిగాల్సిన స్టేషన్ రెండుసార్లు వచ్చి పోయింది. కూతురు యోగిత ఫోన్ చేసింది. "నాన్నా, వేర్ ఆర్ యూ? అమ్మ బర్త్‌డే కేక్ టేబుల్ మీద పెట్టేశాం లా!" అంది, ఇక్కడి ఇంగ్లీషు తోకను తెలుగుకూ తగిలించి.

"రైలు లేటమ్మా, వచ్చేస్తున్నా."

మూడో చుట్టులో దూరం నుంచే తన ఫ్లాట్‌లో లైటు కనిపించింది. ఇళ్ళలోకి చూపు పోకుండా ఈ రైలు అద్దాలు ఫ్లాట్ల బ్లాకుల దగ్గరికి రాగానే వాటంతటవే మసకబారతాయి. పోదని తెలిసీ, దొరబాబు ఆ మసకను బొటనవేలితో తుడిచాడు. తర్వాత ఆ వేలిని చొక్కా అంచుకు తుడుచుకున్నాడు.