బకెట్‌కి తొడిగిన టీషర్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పదో తరగతి గట్టెక్కనివాడికి ఉన్న గొప్ప సౌకర్యమే అది, ఏం తెలియదో కూడా తెలియదు. సింగపూర్‌లో ఏసీలు కడగడం నా పని. పగలంతా ఊళ్లోవాళ్ల గదులు చల్లబరిచి, సాయంత్రానికి బుకిట్ బటోక్‌లో ఒక ఆంటీ ఫ్లాట్‌లోని నా ఉక్కపోత గదికి చేరేవాణ్ణి. తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆవిడది. షరతు ఒక్కటే, అదీ ఆ ఊరివాళ్లు మాట చివర తగిలించే 'లా', 'ఆ' తోకలతో. "ఏసీ నైట్ నైన్ టు మార్నింగ్ సిక్స్ ఓన్లీ ఆ! పగలు వేస్తే బ్యాగ్ సర్దుకో లా." (అప్పటికే రెండు గదుల నుంచి బ్యాగు సర్దుకున్నవాణ్ణి. మూడోదీ పోతే, నాకు గదిచ్చే అమాయకులు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు.)

గదిలో నాతోపాటు ఉండే ఇంజనీరు బ్యాంకు కంప్యూటర్లు చూసేవాడు. అతనికి ఇంట్లోనే బీరు చేయాలని బుద్ధి పుట్టింది. (చట్టం ఒప్పుకుంటుందని చదువుకున్నాడు, ఆంటీ ఒప్పుకుంటుందో లేదో ఎక్కడా రాసిలేదు.) మాల్టు రసం కాచి చల్లార్చి, బకెట్‌లో పోసి, ఈస్ట్ చల్లి, మూత బిగించి, "ఇరవై డిగ్రీలు దాటకూడదు, దాటితే కంపు" అన్నాడు. మా గది పగలు ముప్పై ఒకటి. పైగా పులిసేటప్పుడు బకెట్ తన వేడి తనే పుట్టించుకుంటుందట, అచ్చం మా సూపర్‌వైజరులా.

"ఊరందరికీ చలి పుట్టిస్తున్నా, ఒక్క బకెట్‌కి పుట్టించలేనా? నువ్వు కూర్చుని లెక్కలు రాసుకో బ్రో" అన్నాను. ఆంటీ బట్టలు నానబెట్టే తొట్టి తెచ్చి, సగం నీళ్లు పోసి, అందులో బకెట్‌ని కూర్చోబెట్టి, నా కంపెనీ టీషర్టు తడిపి దానికి తొడిగి, ఎదురుగా ఫ్యాను పెట్టాను. పూటపూటకీ తొట్టిలో గడ్డకట్టిన నీళ్ల సీసాలు మార్చాను. మర్నాటికి ఇరవై! ఇంజనీరు నోరు తెరిచాడు, నేను నాది మూయలేదు.

"ఫ్రీజర్లోంచి నా వంజరం చేప తీసి బాటిల్స్ పెట్టింది ఎవరు?" అని వంటింట్లోంచి ఆంటీ కేక.

"నేనే ఆంటీ. ఎండలో పని కదా, ఐస్ వాటర్ లేకపోతే పడిపోతాను."

"ఎనిమిది బాటిలా? ఒంటెవా నువ్వు?"

మూడో రోజు, శనివారం పొద్దున్నే, దోమల తనిఖీవాళ్లు వచ్చారు. పక్క బ్లాకులో ఎవరికో డెంగీ. ఈ ఊళ్లో కుండీ కింద పళ్లెంలో చెంచాడు నీళ్లు నిలిచినా నేరమే. ఆంటీ రోజూ ఆ పళ్లేలు బోర్లించి తుడిచే మనిషి. "చెక్ లా, చెక్! నా ఇంట్లో ఒక్క డ్రాప్ ఉండదు" అంటూ గర్వంగా ఆవిడే మా గది తలుపు తీసింది.

టార్చిలైటు తొట్టి మీద పడింది. టీషర్టు తొడుక్కున్న బకెట్ "బుడుక్" అంది.

"ఆంటీ, దిస్ వన్ వాట్ ఆ?" అన్నాడు టార్చి పట్టుకున్నతను.

ఆంటీ నా వైపు తిరిగింది. పూటపూటకీ సీసాలు మార్చిన మేధావికి నీళ్లు మార్చాలని ఒక్కసారీ తోచలేదు. ఇంజనీరు ఈస్ట్ గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. నాకు మాత్రం మంచం కింది బ్యాగే కనిపిస్తోంది. టార్చి మనిషి తొట్టిలో నీళ్లు తోడి, వెలుతురుకు పట్టి, చాలాసేపు చూశాడు. "నో లార్వా. లక్కీ. బట్ పోర్ అవే. నౌ."

"విన్నావా? తొట్టి నీళ్లు పారబొయ్యి, నౌ అంటే నౌ!" అంది ఆంటీ. గది దక్కింది. తొట్టి, ఫ్రీజరు మాత్రం ఆ క్షణం నుంచే నిషేధం. బకెట్ ఆ మధ్యాహ్నానికే ముప్పై దాటింది.

కొన్ని వారాలకు బీరు సీసా మూత విప్పితే, మగ్గిన అరటిపండులో గోళ్లరంగు కలిపినట్టుంది. ఇంజనీరు ఒక్క గుక్కకే, "ఏసీ కడిగిన నీళ్లా?" అన్నాడు. ఆంటీ కూడా చెంచాడు చప్పరించి, "దీనికోసమా నా వంజరాన్ని బయట పెట్టావ్?" అంది. అన్ని తిట్లలోకీ అదే గట్టిగా తగిలింది.

ఇప్పుడు బుకిట్ పంజాంగ్‌లో నా సొంత ఫ్లాట్. ఒక గదిలో ఆసుపత్రి నర్సు అమ్మాయి అద్దెకుంటోంది. మొన్న ఫ్రీజర్లో నా రొయ్యల వెనక ఆరు నీళ్ల సీసాలు కనిపించాయి. "క్రిస్మస్‌కి ద్రాక్ష వైన్ అంకుల్... వేడికి పాడైపోతుందని" అని నసిగింది. నవ్వు ఆపుకుని, "తొట్టిలో నీళ్లు రోజూ మార్చమ్మా" అని, నా రొయ్యల్ని పక్కకు జరిపాను.

పగలు ఏసీ వేసుకోమని మాత్రం నోరు రాలేదు. ఆ ఒక్క విషయంలో నేను పూర్తిగా ఆంటీనైపోయాను.