హాలొరన్ ఫొటోకి దండ

అనంతలక్ష్మిది తెనాలి గొంతు. తెనాలిలో ఉండగా ఆవిడ గుమ్మంలో నిలబడి కూరలవాణ్ణి పిలిస్తే, పక్క వీధిలో ఉన్నవాడు కూడా బండి తిప్పుకుని వచ్చేవాడు. అలాంటి మనిషిని తీసుకొచ్చి మొగుడు శ్రీనివాసమూర్తి గారు ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో, అట్టముక్కల్లాంటి గోడలున్న ఫ్లాట్‌లో పెట్టారు. ఆయన కంప్యూటర్ల మనిషి, పుట్టినప్పుడు కూడా మెల్లగానే ఏడ్చి ఉంటారు. ఆయనకేం బాధ! ఈవిడకి మాత్రం ప్రాణం మీదకొచ్చింది. కుక్కర్ కూత వేస్తే చాలు, పక్క ఫ్లాట్ ఆయన గోడ మీద టకటకా కొట్టేవాడు. ఫోన్లో అక్కతో నాలుగు మాటలు మాట్లాడుకుంటే, "అంతా బాగానే ఉందా? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంటూ తలుపు దగ్గరకే వచ్చేవాడు. పోనీ పనిలోనైనా మాట్లాడదామంటే, విమానాల్లో పెట్టే భోజనాలు సర్దే చోట అందరిదీ ఇంగ్లీషే. తన ఇంగ్లీషు విని నవ్వుతారని పెదవి విప్పేది కాదు. రెండువేల ఒకటి చలికాలంలో రోజూ రాత్రి మొగుడి చెవిలో ఒకటే పాట: "నేను వెళ్ళిపోతానండీ. నోరు కుట్టేసుకుని బతకడం నావల్ల కాదు." అదైనా గుసగుసగానే చెప్పాలి, ఏం ఖర్మో!

అప్పుడే కూతురు స్పందన క్లాసులో ఎవరిదో పుట్టినరోజు వచ్చింది. పార్టీ ఐస్ రింకులో. పిల్లలు జారుతూ పడుతూ ఆడుకున్నాక అక్కడే హాకీ మ్యాచ్ మొదలైంది. కాళ్ళకి కత్తులు కట్టుకుని, చేతుల్లో కర్రలు పట్టుకుని, ఒక నల్ల బిళ్ళ కోసం మంచు మీద కొట్టుకు చావడం ఏమిటో ఆవిడకి అర్థం కాలేదు. కానీ వాళ్ళలో ఒకడున్నాడు చూడండీ, గ్లెన్ హాలొరన్ అని, ఆక్లాండ్ జట్టు ఫార్వర్డ్. సన్నగా, పొడుగ్గా, గాలికి కొట్టుకుపోతాడేమో అన్నట్టుండేవాడు. బిళ్ళ అందిందంటే ఐదుగురి మధ్యలోంచి దూరిపోయి గోల్ కొట్టి, ఏమీ ఎరగనట్టు వెనక్కొచ్చేవాడు. ఆవిడకి ముద్దొచ్చాడు. సరిగ్గా అప్పుడే డునీడన్ జట్టు డిఫెండరు, కాలమ్ మెక్‌లీష్ అనే బీరువాలాంటి మనిషి, దూసుకొచ్చి హాలొరన్‌ని గోడకేసి అదిమేశాడు.

అనంతలక్ష్మి లేచి నిలబడింది. "ఒరేయ్ మెక్‌లీషూ! నీ చేతులు పడిపోను! పిల్లాణ్ణి చంపేశావు కదరా, నీ జిమ్మడ!"

ఆర్నెల్లుగా లోపల మూలుగుతున్న గొంతు ఒక్కసారి బయటపడేసరికి రింకు రింకంతా మార్మోగింది. ఆవిడే హడలిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరైనా గోడ కొడతారేమో అని చూసింది. గోడ కొట్టలేదు సరికదా, పక్క సీట్లో ఉన్న లావుపాటి డెబీ కాళ్ళు నేలకేసి బాదుతూ, "అద్దీ! మళ్ళీ అను!" అంది.

ఆవిడ మళ్ళీ అంది. ఆ తర్వాత మూడు చలికాలాలు, పట్టుచీర మీద మూర్తి గారి కోటు, తలకి మంకీ క్యాప్, ఒళ్ళో జంతికల డబ్బాతో వచ్చి కూర్చుని అంటూనే ఉంది. అభిమానులందరూ హాలొరన్ పేరు అరిచేవారు. ఈవిడ మెక్‌లీష్‌ని పట్టుకుని ఉతికేసేది. ఇంటికెళ్ళే దాకా మొహం కళకళలాడుతుండేది. వెళ్ళిపోతానన్న మాట మళ్ళీ మూర్తి గారి చెవిన పడలేదు. ఆయన ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు గానీ, హాలొరన్‌కి మనసులోనే దణ్ణం పెట్టుకునేవారు.

మోకాలు పోయి హాలొరన్ ఆట మానేశాడు. రెండువేల ఏడులో పాత అభిమానులంతా కలిసి అతని ఆటని తలుచుకోవడానికి ఒక సాయంత్రం పెట్టుకున్నారు. పాత ప్రత్యర్థుల్ని కూడా పిలిచారు. పెత్తనమంతా డెబీదే. అనంతలక్ష్మినీ రెండు ముక్కలు మాట్లాడమంది.

"ఆ అబ్బాయికి ఒక్క మాట చెప్పాలే. అతని మొహం మీదే చెప్పాలి. అతను లేకపోతే నేనీ దేశంలో ఉండేదాన్ని కాదు," అంది కూతురితో.

స్పందన అప్పటికి ఊరికి అవతలి కొసన ఆల్బనీలో యూనివర్సిటీ చదువు. "అమ్మా, ప్లీజ్. ఎంబారస్ చెయ్యకు. థాంక్యూ అని స్లోగా చెప్పి దిగిపో. అరవకు, ఓకే?" అని ప్రమాణం చేయించుకుంది.

ఆ సాయంత్రం ఆల్బనీ నుంచి స్పందన కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, తల్లీకూతుళ్ళు హాలు చేరేసరికి ఆలస్యమైంది. లోపల అందరూ లేచి నిలబడి, నిశ్శబ్దంగా ముందుకి చూస్తున్నారు. ముందు బల్ల మీద హాలొరన్ పెద్ద ఫొటో. దానికి బంతిపూల దండ. అద్దం మీద, సరిగ్గా నుదుటి దగ్గర, కుంకుమ బొట్టు. కింద దీపం. అరటిపండుకి గుచ్చిన అగరొత్తులు.

అనంతలక్ష్మి చేతిలో జంతికల డబ్బా పక్కనున్న వాళ్ళ చేతుల్లో పడింది.

"అయ్యో నాయనా! ఎంత ఘోరం జరిగిపోయిందిరా!"

స్పందన కొంగు పట్టుకునే లోపలే వేదికెక్కేసింది. నేర్చుకున్న ఇంగ్లీషు ఎగిరిపోయింది. "నిండా నలభై లేవు కదరా నీకు! ఒక్క మాట చెప్పనివ్వకుండానే పోయావా! ఈ ఊళ్ళో నాకు నోరిచ్చింది నువ్వు కదరా! ఇంట్లో గోడలకి భయపడి, పనిలో మనుషులకి భయపడి చస్తుంటే, అరవటానికి నాకింత చోటిచ్చావు! నువ్వే లేకపోతే నా పిల్లని పట్టుకుని వెళ్ళిపోయేదాన్ని కదరా!" అంటూ ఏడుపు. హాలంతా కళ్ళప్పగించి చూసింది. ఇది కూడా ఆచారంలో భాగమేమోననుకుని డెబీ చప్పట్లు మొదలెట్టింది. అందరూ అందుకున్నారు.

చప్పట్ల మధ్య అనంతలక్ష్మి కళ్ళు తుడుచుకుని చూసేసరికి, చివర బాత్రూమ్ తలుపు దగ్గర హాలొరన్! జుట్టు ఊడింది, బొజ్జ వచ్చింది, నోట్లో జంతిక ఉంది.

"ఓరి నీ దుంప తెగ! బతికే ఉన్నావా!" అంటూ ఆవిడ ముందు చేసిన పని, ఫొటో మీది దండ పీకి అవతల పారేయడం. తర్వాత కొంగుతో బొట్టు తుడిచేసింది. "బతికున్న వాడి ఫొటోకి దండ ఎవరు వేశారే?"

డెబీ మొహం తెల్లబోయింది. పోయినేడు తెలుగు సంఘం వాళ్ళ సభకి డెబీని అనంతలక్ష్మే తీసుకెళ్ళింది. అక్కడ సంఘం పాత అధ్యక్షుడు శ్రీరామచంద్రమూర్తి గారి ఫొటోకి ఇలాగే దండ, దీపం ఉన్నాయి. ఎవరని అడిగితే 'చాలా గొప్పవాడు' అంది గానీ, పోయి ఏడాదైందని చెప్పలేదు. గొప్పవాళ్ళకి మీరిలా చేస్తారనుకుని, నిన్ను సంతోషపెడదామనే పాపటోయిటోయి అంతా తిరిగి అగరొత్తులు కొన్నానని డెబీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ లేచి నిలబడింది, వెనక తెర మీద పాత ఆట చూపిస్తారని, ఫొటో అడ్డు రాకుండా.

నవ్వులు తగ్గాక హాలొరన్ వేదిక దగ్గరికొచ్చాడు. స్పందన మొహం ఎర్రబడిపోతుండగా తల్లి అన్నదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆఖరి ముక్కలకి ఆ పిల్ల గొంతే తడబడింది. వెళ్ళిపోదామనుకున్న సంగతి ఆ పిల్లకి ఇన్నేళ్ళుగా తెలియదు.

హాలొరన్ బట్టతల గోక్కున్నాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి. "చాలా సంతోషం అండీ. కానీ నిజం చెప్పాలంటే, ఆటలో ఉంటే నాకు జనం అరుపులు వినపడేవి కాదు. ఒక్క మాట కూడా వినలేదు. క్షమించండి."

అనంతలక్ష్మి మొహం వాడిపోయింది. మూడు చలికాలాల అరుపులు గాల్లో కలిసిపోయాయన్నమాట. "పర్లేదులే నాయనా," అంది, ఫ్లాట్‌లో మాట్లాడినంత మెల్లగా.

"నాకు వినపడేవి."

మూలనుంచి ఎవరో కుంటుకుంటూ లేచారు. బీరువాలాంటి మనిషి. "'మెక్‌లీషూ, నీ చేతులు పడిపోను!'" అన్నాడు, స్వచ్ఛమైన తెనాలి యాసలో. హాలు గొల్లుమంది. అతను నవ్వలేదు. "ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆవిడ వచ్చిందా అని ముందు చూసుకునేవాణ్ణి. అందరూ గ్లెన్ పేరే అరిచేవాళ్ళు. మా ఊళ్ళో కూడా. నా పేరు పెట్టి అరిచింది ఆవిడొక్కతే. అర్థం అడగలేదు. అడిగితే పాడైపోతుందేమోనని భయం."

అనంతలక్ష్మి అతని దగ్గరికి నడిచింది. తలెత్తి చూసింది. మూడేళ్ళు తిట్టిన మొహాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పెద్ద చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నా మాట విన్నది నువ్వా నాయనా..." అంది. ఏదో ఇంకా అంటోంది గానీ, ఎన్నడూ లేనిది, ఆ గొంతు పూడుకుపోయి పైకి రావడం లేదు.

స్పందన మైకు తీసి తల్లి నోటి దగ్గర పెట్టింది.

"అమ్మా, గట్టిగా చెప్పు. వెనకాల వాళ్ళకి వినపడటం లేదు."