అన్న ముఖం మీద మెట్లు

నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. ఫోటోలు తీయడం పిచ్చి. ఆఫీసులో వెనకాల 'మెట్లాయన' అనేవారు, ముందూ అనేవారు. మీటర్ల కోసం ఇంటింటికీ తిరిగేటప్పుడు ఎండ ఏటవాలుగా పడిన మెట్లు కనబడితే చాలు, మీటరు సంగతి దేవుడెరుగు. మనుషుల్ని మాత్రం తీసేవాడు కాదు. మనుషులు కదులుతారట!

అతనికి ఒక్కడే అన్న, బస్సుల మెకానిక్కు. ఇంజన్ కిందికి దూరడానికి జంకని మనిషి, కెమెరా చూస్తే గోడ చాటుకు పోయేవాడు. పెళ్ళి కూడా రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలతో కానిచ్చాడు. గుర్తింపు కార్డు మీద గోరంత బొమ్మ తప్ప ఆయనకంటూ ఒక ఫోటో లేదు. కూతురికి ఏడాది నిండాక వదిన పట్టుబట్టింది. "రేపు పిల్లకి చూపించడానికైనా ఒకటుండాలి కదా" అని పోరగా పోరగా, ఒక ఆదివారం షెడ్డులో పాత టైరు మీద కూర్చున్నాడు. తమ్ముడు ఏదో అన్నాడు, అన్న పగలబడి నవ్వాడు. రీల్లో ముప్పై ఆరు ఫోటోలూ ఆయనవే.

ఇంట్లోనే రీళ్ళు కడుక్కునేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. రీలు వెనక్కి చుట్టేటప్పుడు కొసనుండే నాలుకలాంటి ముక్క బయటికి వదిలేస్తారు, తర్వాత డబ్బీ పగలగొట్టే తంటా తప్పుతుందని. చిక్కేమిటంటే, అప్పుడు వాడిన రీలూ కొత్త రీలూ ఒకేలా ఉంటాయి. అందుకని అతను వాడినదాని నాలుక మడతపెట్టేవాడు. ఆ రోజు అన్న నవ్వు చిక్కిన సంబరంలో మడత మరిచాడు. మరుసటి వారం కోర్టు వెనక మెట్ల మీద ఎండ అద్భుతంగా పడింది. సంచిలో చెయ్యి పెడితే తగిలిన రీలు కెమెరాలో ఎక్కించాడు.

ఆ తర్వాత పదిరోజులకి అన్న గుండె ఆగిపోయింది.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక రీలు కడిగాడు. ప్రతి ఫోటోలోనూ అన్న ఉన్నాడు. అన్న నుదుటి మీదుగా, చెంపల మీదుగా కోర్టు మెట్లూ ఉన్నాయి. అన్నని తీసిన రీలు మీదే మళ్ళీ మెట్లు తీశాడన్నమాట.

అదొక పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. తప్పు ఆ తర్వాత చేశాడు. వదిన గుమ్మంలో నిలబడి "వచ్చాయా?" అని అడిగితే, "వెలుతురు తగిలి రీలంతా నల్లబడిపోయింది వదినా" అన్నాడు. ఆమె "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది. నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

ఇరవై మూడేళ్ళు గడిచాయి. రీళ్ళ కాలం పోయింది. రిటైరయ్యాక అతను కంప్యూటరు నేర్చుకున్నాడు. ఫోటోలో అక్కర్లేనిది చెరిపి, చెరిగినచోట తానే నింపే సాఫ్ట్‌వేరు ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఒక్కో మెట్టూ తీయిస్తూ రెండు నెలలు కూర్చున్నాడు. చివరికి అన్న శుభ్రంగా తేలాడు. చూసి చూసి అతని కంటికి అదే అన్న ముఖమైపోయింది. పెద్ద ప్రింటు తీయించి తిన్నగా వదిన ఇంటికి పట్టుకెళ్ళాడు.

"బాబాయ్, నాన్న ఇంత బావుండేవాడా!" అంటూ అన్న కూతురు ఫోటోను గుండెలకి హత్తుకుంది. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరీయన?"

"అదేంటమ్మా, నాన్న!"

"నవ్వితే మీ నాన్నకి ఎడమ కన్ను మూసుకుపోయేది. పైన ఒక పన్ను విరిగుండేది. ఈయనెవరో నాకు తెలీదు."

ఇక దాచి లాభం లేకపోయింది. పోల్చుకోవడానికని ప్రింటు షాపుకు తీసుకెళ్ళిన అసలు ఫోటో సంచిలోనే ఉంది. అది తీసి ఇచ్చి, తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు.

వదిన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు మెట్ల మధ్య మూసుకుపోయిన ఎడమ కన్ను, నవ్వులో పై వరసన విరిగిన పన్ను. "ఇదిగోనే, మీ నాన్న" అని కూతురికి చూపించింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"మెట్లు అడ్డమొస్తే నాకు మనిషి కనబడడనుకున్నావా? ఇరవై మూడేళ్ళు! నాన్న ఎలా ఉండేవాడని ఇది అడిగినప్పుడల్లా మాటలతో చెప్పుకుంటూ వచ్చాను. చెప్పీ చెప్పీ నాకే మరపొచ్చేసింది. నువ్వేమో బొమ్మ బాగా రాలేదని పెట్టెలో పెట్టుకున్నావు."

నిజమే, అతను సిగ్గుపడింది తన పనితనం గురించి. ఆమె గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

"మిగతావి?"

"ఇంట్లో ఉన్నాయి వదినా. ముప్పై ఐదు."

"వెళ్ళి తీసుకురా" అంది. కూర్చోమనలేదు.