మిరియం ఆ పిట్టను ఎవరికిచ్చింది?

దెయ్యాల కబుర్లు చెప్పుకునే చోట నన్ను ఎవరూ కూర్చోనివ్వరు. ఎవరైనా మొదలుపెట్టగానే "ఆ రోజు సరిగ్గా నిద్రపోయావా? జ్వరమేమైనా ఉందా?" అని అడిగి కథ పాడుచేస్తాను. చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నదాన్ని. వింతగా ఏదైనా జరిగితే దానికో కారణం ఉంటుందనీ, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందనీ నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం వెతికి వెతికి ఊరుకున్నాను.

మేం అమెరికాలో, ప్లేనో అనే ఊళ్లో ఉంటాం. మా వీధిలోనే ఉండే నర్సింగన్న వాళ్లది కరీంనగర్ వైపు. ఏటా సెప్టెంబర్‌లో ఆయన గువ్వల వేటకి వెళ్తాడు. ఒకసారి చూద్దామని నేనూ వెళ్లాను. తుపాకీ సంగతి పక్కన పెడితే, ఫోన్ ముట్టుకోకుండా ఆకాశం కేసి చూస్తూ అలా కూర్చోవడం నాకు బాగా నచ్చింది. తర్వాత క్లాసుకి వెళ్లి లైసెన్స్ తెచ్చుకున్నాను. మావారు శీను మాత్రం "వండితే తింటాను గానీ నన్ను రమ్మనకు" అన్నాడు.

వేటలో అసలు కష్టం కాల్చడం కాదు. పడ్డ పిట్ట గడ్డిలో కలిసిపోతుంది. గువ్వ రంగూ ఎండుగడ్డి రంగూ ఒకటే.

"కుక్క లేకుంటే సగం పిట్టలు గడ్డిలనే పోతయ్ చెల్లె. జాతికుక్కే ఉండాల్నని ఏం లేదు. దిక్కులేని కుక్కలనుంచే షెల్టర్ల చూడు. జర ల్యాబ్రడార్ రక్తమున్నా చాలు, తెచ్చిచ్చుడు దానికదే వస్తది" అన్నాడు నర్సింగన్న.

అలా వెళ్లి తెచ్చుకున్నదే మిరియం. ల్యాబ్‌తో ఇంకేమేం కలిశాయో షెల్టర్ వాళ్లకీ తెలియదు. తెల్లటి ఒళ్లంతా నల్లటి చుక్కలు, ఒక చెవి నిక్కి, ఒకటి వాలి ఉండేది. అక్కడ పెప్పర్ అని పిలిచేవారు. మా అమ్మాయి హాసిని దాన్ని తెలుగులోకి మార్చింది. కళ్లు కూడా సరిగ్గా తెరవని పిల్లగా ఉన్నప్పుడు దాన్ని ఎవరో అట్టపెట్టెలో పెట్టి వదిలేసి వెళ్లారట. అప్పటినుంచీ షెల్టర్‌లోనే పెరిగింది. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, దానికి ఇంతకుముందు ఎవరూ వేట నేర్పలేదని మీకు తెలియాలి.

ముందు కొన్నాళ్లు ఉంచుకుని చూసి, కుదరకపోతే తిరిగి ఇచ్చేయొచ్చన్నారు. శీను ఆ మాట పట్టుకున్నాడు. అప్పటికే సోఫా మూల ఒకటి, అతని ఆఫీస్ బూట్లు రెండూ మిరియం నోట్లో పడ్డాయి.

"వేట సీజన్ మొదలయ్యాక చూద్దాం. నీకు పనికిరాదని తేలితే ఇచ్చేద్దాం, సరేనా?" అన్నాడు.

సరేనన్నాను. హాసిని మిరియం పొట్ట మీద తల పెట్టుకుని టీవీ చూస్తోంది.

ఆ వేసవంతా నేర్పించాను. అది అన్నం తినేటప్పుడు దూరంగా గిన్నెలు మోగించి, చప్పుడు అలవాటు చేశాను. తుపాకీ చప్పుడంటే దానికి భయం లేకుండా పోయింది. మిగతావేవీ రాలేదు. గుడ్డబొమ్మ విసిరితే పరుగెత్తేది, నోట కరిచేది, నా చేతికి ఇవ్వకుండా ఎక్కడో పడేసి ఇంకో ఆటకి పోయేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. విజిల్ వేస్తే తల కూడా తిప్పేది కాదు. "షీ ఈజ్ ట్రయింగ్, అమ్మా" అనేది హాసిని. నాకైతే అలా అనిపించలేదు.

సెప్టెంబర్‌లో నర్సింగన్నా నేనూ దాన్ని తీసుకుని బయల్దేరాం. ఆయన వేటకి వెళ్లే పొలం లొరేన్ అనే పెద్దావిడది. ఊరికి చాలా దూరంలో, పొలం అంచునే ఉన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కోసేసిన పొద్దుతిరుగుడు చేను, పశువులు నీళ్లు తాగే గుంట, కంచె వెంట మన సర్కారు తుమ్మని పోలిన చెట్లు. కంచెకి ఒక పాత ఇనుప గేటు ఉంది. గొలుసు వేసి ఉంటుంది, ఎవరూ వాడరు. దాని చుట్టూ నేలంతా నున్నగా ఉంది. మనిషి కాదు కదా, కుందేలు కూడా దాక్కోలేదు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే నా మొదటి గువ్వ గుంట అవతల గడ్డిలో పడింది. మిరియం తప్పు వైపు పరుగు తీసింది. పిలిచాను. వినలేదు.

ఉన్నట్టుండి అది ఆగి, వెనక్కి తిరిగి కూర్చుంది. నా వైపు కాదు, గేటు వైపు చూస్తోంది. చెవులు రెండూ నిక్కి ఉన్నాయి. కాసేపలా చూసి ఎడమకి పరుగెత్తింది. మళ్లీ ఆగి, కూర్చుని, గేటు వైపు చూసింది. ఈసారి సూటిగా గడ్డిలోకి దూరి గువ్వను పట్టుకుని బయటికొచ్చింది.

నా దగ్గరికి తెస్తుందనుకున్నాను. అది గేటు దగ్గరికి వెళ్లింది. అక్కడ పొందిగ్గా కూర్చుని, తల పైకెత్తి, పిట్టను నోట్లో ఉంచుకునే ఎదురుచూసింది. తర్వాత మెల్లగా నోరు తెరిచింది.

నేను లేచి అటు నడిచాను. మిరియం ఇంకా పైకే చూస్తోంది. పిట్ట కింద లేదు. గేటుకి అటూ ఇటూ చూశాను. ఒక్క ఈక కూడా లేదు. నాకు భయం వేయలేదు.

చేనుకి ఆ చివర కూర్చున్న నర్సింగన్న నవ్వుకుంటూ వచ్చాడు. "దూరం నుంచి చెయ్యి ఊపి కుక్కను పిట్ట దిక్కు పంపుడు ఎప్పుడు నేర్పినవ్ చెల్లె? నాకు ఒక్కమాటన్న చెప్పలే."

"నేను చెయ్యి ఊపలేదన్నా. నాకసలు అది రాదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఇద్దరం చీకటి పడకముందే ఆ చోటంతా వెతికాం. మిరియం నోరు తెరిచి చూశాం. ఏమీ లేదు. వెళ్దాం రమ్మంటే అది గేటు దగ్గరినుంచి కదల్లేదు. ఇంకోసారి పైకి చూసింది. ఎవరో సరేనన్నట్టు అప్పుడు లేచి నా వెంట వచ్చింది.

వెళ్లేముందు లొరేన్‌కి చెప్పి వెళ్దామని ఆగాం. ఇవాళ పొలంలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే లేరంది. నర్సింగన్న జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. ఒకటే అడిగింది.

"అక్కడ పొలం వైపు తిరిగి ఒక మనిషి నిలబడి ఉన్నాడనుకోండి. కుక్క ఆ మనిషికి ఏ పక్కన కూర్చుంది?"

ఆలోచించి, కుడి పక్కన అన్నాను. ఆవిడ తల ఊపింది. మీవారు వేటాడేవారా అని నర్సింగన్న మెల్లగా అడిగాడు. ఆయనకి కుక్కలంటే పడేది కాదని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

దారిలో నర్సింగన్న చెప్పాడు, కుక్కని మామూలుగా ఎడమ పక్కన కూర్చోబెడతారట. ఎడమచేతి వాటం వాళ్లు మాత్రం కుడి పక్కన కూర్చోబెట్టుకుంటారట. లొరేన్ మనసులో అలాంటి మనిషెవరో ఉన్నారని అప్పుడర్థమైంది.

మర్నాడు పెరట్లో గుడ్డబొమ్మ విసిరాను. మిరియం తెచ్చి, నా కుడి పక్కన కూర్చుని, చేతిలో పెట్టింది. శీను కిటికీలోంచి చూశాడు. తిరిగి ఇచ్చేసే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

కారణాలు వెతక్కుండా ఉండలేదు. గద్ద తన్నుకుపోయిందేమో అనుకున్నాను, కానీ నేను కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాను. కుక్క మింగేసిందేమో అనుకున్నాను, నమలకుండా గువ్వను మింగే నోరు కాదది. వేసవంతా నేర్పింది ఒక్కసారిగా దానికి ఒంటబట్టిందని శీను అంటాడు. అయ్యుండొచ్చు. కానీ కుడి పక్కన కూర్చోవడం నేను నేర్పలేదు.

మధ్యలో ఆపే వేట సీజన్ డిసెంబర్‌లో మళ్లీ మొదలయ్యాక లొరేన్ తనే ఫోన్ చేసి కుక్కని తీసుకురమ్మంది. మేం వెళ్లేసరికి గేటు పక్కన కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. మిరియం ప్రతి పిట్టనూ నాకే తెచ్చిచ్చింది. గేటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ పొద్దు వాలేదాకా కదల్లేదు.

లేపడానికి చెయ్యి అందించాను. ఆ ఎడమచేతి వాటం మనిషి ఎవరని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఈలోపు ఆవిడే అడిగింది.

"ఆ రోజు కుక్క భయపడిందా?"

"లేదండీ. కూర్చున్నంతసేపూ తోక ఊపుతూనే ఉంది."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఇంటిదాకా అలాగే నడిచి, గుమ్మం దగ్గర "థాంక్యూ" అంది. నేనింక ఏమీ అడగలేదు. ఆ గేటు దగ్గర ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో, నాకు ఈరోజుకీ తెలియదు.