బాబాయ్ చేతి మీది రంగు

మోతీనగర్‌లో మా పక్క వాటాలో ఉండే మేకప్ బాబాయ్ మంగళవారం పొద్దున పోయాడు. అద్దం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఫిల్మ్‌నగర్ వాళ్లు దాన్ని ఎప్పుడో ఆపేశారు, డాక్టరుకు ఆలస్యంగా తెలిసింది.

నేను షూటింగ్ వ్యాన్ నడిపేవాణ్ణి, పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. బాబాయ్ పనితనం గురించి నాకు తెలిసింది ఇంతే. ఎడమచేతి వెనకవైపు రంగులు వేసుకుని కలిపేవాడు. ఆయన ఏళ్లుగా మేకప్ చేసే హీరోగారి ముఖం మొదట ఆ చేతి మీద తయారయ్యేది. తొలి చుక్క మాత్రం వట్టి వేలితో హీరోగారి నుదుట పెట్టేవాడు.

"స్పాంజికి దేవుడు తెలియడురా," అనేవాడు.

ఒకసారి సెలవు కోసం ముఖం నిండా ఆయన చేత అమ్మవారి పొక్కులు వేయించుకున్నాను. మేనేజరు దూరం నుంచే దండం పెట్టి, కొబ్బరిబోండాలిచ్చి కారులో ఇంటికి పంపాడు. దొంగ జబ్బుకు అంత మర్యాద.

అసలు జబ్బు బాబాయ్ కుడి అరచేతికి వచ్చింది. తామర అంటే మీకూ నాకూ తెలిసింది గుండ్రటి ఎర్రమచ్చ, దురద. ఇది అలా లేదు. ఆ ఒక్క అరచెయ్యే పొడిబారి, గీతల్లో పిండి చల్లినట్టు తెల్లబడింది. దురదే లేదు. మందుల షాపు క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పాకింది. సెట్లో కుష్టన్నారు. హీరోగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఆయన అసిస్టెంటు ముందు గ్లౌజులు తెచ్చిచ్చాడు, మర్నాడు రావద్దని చెప్పాడు.

చర్మం డాక్టరమ్మ చెయ్యి చూసి, చెప్పులు విప్పమంది. రెండు పాదాలూ అలాగే ఉన్నాయి. పొట్టు గీకి మైక్రోస్కోపులో చూసింది.

"తామరేనండీ. కాళ్ల నుంచి చేతికి పాకింది. ఎప్పుడూ గుండ్రంగానే రావాలని లేదు."

"జర గుండ్రంగ వచ్చినా నౌకరి మిగులుతుండె బాబాయ్," అన్నాను బయటికొచ్చాక.

"వేషం మార్చిందిరా. మన ఫీల్డుదే అయ్యుంటుంది," అని నవ్వాడు.

మాత్రలు వాడినన్నాళ్లూ తనంతట తానే ఎవరి ముఖమూ ముట్టలేదు. పూర్తిగా తగ్గాక జూబ్లీహిల్స్‌లో హీరోగారింటికి నేనే తీసుకెళ్లాను.

"సార్ మీటింగ్‌ల ఉన్నడు," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

హీరోగారు బాల్కనీలో ఒక్కరే టీ తాగుతున్నారు.

"కప్పుతోనా అన్నా మీటింగు?" అన్నాను. బాబాయ్ నా చొక్కా పట్టి లాక్కొచ్చాడు.

ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని ఎడమచేతి మీద హీరోగారి రంగే కలిపేవాడు.

"ఎవరికి బాబాయ్?"

"పిలుస్తార్రా. చెయ్యి మరిచిపోకూడదు."

అన్నింటికీ వెటకారమాడే నేను దాని జోలికి మాత్రం పోలేదు.

మంగళవారం బాబాయ్ పోయాడని తెలిసి హీరోగారు వచ్చారు, కెమెరాలతో. బాబాయ్ చెయ్యి పట్టుకోబోయి, దాని మీది మచ్చ చూసి టక్కున వెనక్కి తగ్గి నమస్కారం పెట్టారు.

"ఇంకా తగ్గలేదా?" అని అసిస్టెంటుతో గొణిగారు.

జబ్బు చేసింది కుడి అరచేతికి. ఇది ఎడమచెయ్యి. అన్నేళ్లు నుదురు అప్పగించిన మనిషికి ఏ చెయ్యో కూడా గుర్తులేదు.

"అది రోగం కాదు సార్," అన్నాను. "మీ మొకం రంగే. పొద్దుగాల కలిపిండు."

ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని కారెక్కారు.

పిన్ని ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎండిన రంగు మధ్యలో, తొలి చుక్క కోసం ఆయన వేలు అద్దిన గుర్తు అలాగే ఉంది.