గుంజుడు గుర్వయ్య

జడ్చర్ల గుర్వయ్యకు ఉన్నది ఒక్కటే రోగం. అతుకు కనబడితే గుంజుతాడు.

అది వైరు అతుకా, కళ్లజోడు అతుకా, గంటె కాడ అతుకా అని చూడడు. లోకమంతా చొక్కా జేబులో పెన్ను పెట్టుకునే చోట ఆయన సన్నమూతి పట్కారు పెట్టుకుంటాడు. బస్టాండు వెనక సందులో రేడియోలు, మిక్సీలు, ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం ఆయనది. అక్కడికి సగం చెడిపోయి వచ్చిన వస్తువు ముందు పూర్తిగా చెడిపోతుంది. ఆ తర్వాతే బాగుపడుతుంది. లోపల సోల్డరింగ్ చేసిన ప్రతి తీగనూ పట్కారుతో పట్టి లాగుతాడు మరి. ఏదైనా ఊడి వచ్చిందా, అప్పుడు ఆయన ముఖం చూడాలి. లాటరీ తగిలినవాడు కూడా అంత వెలగడు.

"ఊడింది!" అని ఒక కేక. ఆ కేకకు పక్క హోటల్లో చాయ్ గ్లాసులు కడిగే మనిషి కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఇయ్యాల ఎవలిది?" అని తొంగిచూస్తాడు.

ఈ రోగం ఈనాటిది కాదు. పెళ్లి పీటల మీద మూడు ముళ్లూ వేసి, జనం అక్షింతలు చల్లేలోపల ఆ ముడిని రెండుసార్లు గుంజి చూశాడట. ఆయన భార్య నాగరాణి ముప్పై ఏళ్లయినా ఆ ముచ్చట మరిచిపోలేదు.

"మెడ పట్టేసింది తల్లీ. లగ్గం నాడే దవాఖానకు పోయెటోళ్లం."

"ముడి ఊడిందా మరి?" అంటాడు గుర్వయ్య గర్వంగా.

"ఊడితే బాగుపడుదు."

ఒకసారి మల్లేష్ అనే కుర్రాడు కొత్తగా మైకు సెట్టు కొని మొదటి పెళ్లికి పెట్టాడు. సరిగ్గా తలంబ్రాల వేళకు మైకు మూగబోయింది. పెళ్లిపెద్దలు పళ్లు కొరుకుతూ మల్లేష్ మీదికి నడిచారు. గుంపులోంచి ఒక చెయ్యి లేచింది. "నేనే గుంజిన!" అన్నాడు గుర్వయ్య, ఏదో బహుమానానికి పేరు పిలిచినట్టు. ఆ రోజు ఆయనకు విస్తరి వేయలేదు. బడి గంట పని చేయకపోయినా అంతే, గుడి దగ్గర సీరియల్ లైట్లు ఆరిపోయినా అంతే. చెయ్యి లేస్తుంది. "నేనే గుంజిన!" తిట్లు పడతాయి. ఆయన దులుపుకుని ఇంటికి పోతాడు.

ఇలాంటి మనిషి చేతిలో తన బతుకు పెట్టింది మంజులత.

మంజులతకు ఇరవై నాలుగేళ్లు. మూడేళ్లు మందుల కంపెనీలో డబ్బాలకు లేబుళ్లు అంటించింది. నాలుగో ఏట తనకే ఎవరో లేబుల్ అంటించినట్టు అనిపించి మానేసింది. ఫోన్లో వీడియోలు చూసి, చూసి, ఒక యంత్రం ఊహించింది. వాళ్ల ఊళ్లో అడవిపందులు వేరుశెనగ బుడ్డల చేన్లను నాగలి పెట్టినట్టు దున్నిపోతున్నాయి. ఎదురుగా ఏది కదిలినా లైటు మిటకరించి, ఆటో హారన్ గొంతు చించుకుని అరిచే డబ్బా చేస్తే? రైతుసంఘం పెద్ద నర్సింగమ్మ విని ఊఁ కొట్టింది.

"నెలాఖరు శనివారం చేన్ల పరీక్ష వెడ్తం. పట్నం కంపెనీ పిలగాడు గూడ ఒకటి పట్టుకొస్తాండు. ఏది మంచిగుంటె గది పన్నెండు చేన్లకు వెట్టుకుంటం."

మంజులత తండ్రి గాలయ్య తన షరతు తను పెట్టాడు. "సంఘపోళ్లు నీ డబ్బా తీసుకుంటే నీ ఇష్టం బిడ్డా. తీసుకోకుంటే సోమారం మల్ల కంపెనీ బస్సెక్కాలె."

"ఎక్కుత బాపు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టు వేసినంత సులువుగా అతుకు పడలేదు. హార్డ్‌వేర్ దుకాణంలో కనిపించిన సామానల్లా కొనుక్కుని, రెండు బోర్డులు మాడ్చి, మూడోది పట్టుకుని గుర్వయ్య దగ్గరికి వచ్చింది. సంచి బల్ల మీద బోర్లించింది. ఆయన అందులోంచి పార కాడంత లావున్న సోల్డరింగ్ ఐరన్ తీశాడు.

"గిది ఎన్ని వాట్లు బిడ్డా?"

"వంద, కాకా. జల్ది వేడెక్కుతదని."

"ఎక్కుతది. నీళ్ల ట్యాంకికి అతుకు వెట్టొచ్చు. నీ బోర్డు మీద వెడితే రాగి గీతలు లేచి నీకు దండం వెట్టి పోతయ్." తర్వాత పేస్టు డబ్బా వాసన చూశాడు. "గిది రేకుల పనోళ్లది. ఇయ్యాల మంచిగనే అతుకుతది. ఎనక నుంచి తీగను మెల్లెగ తినుకుంట కూసుంటది. సుట్టం లెక్క."

అరలోంచి ఇరవై అయిదు వాట్ల సన్నమొన ఐరన్, దారంలాంటి సోల్డర్ వైరు, చిన్న స్పాంజి తీసి ముందు పెట్టాడు. "గీ వైరు లోపల్నే మందు ఉంటది. వేరే పేస్టు అక్కర్లే."

"స్పాంజి ఎందుకు?"

"తడిపి ఐరన్ మొన తుడువు. నువ్వు బువ్వ తిన్నంక మూతి కడుగుతలేవా? దానిది గూడ మూతే."

మంజులత కూర్చుని, సోల్డర్‌ను ఐరన్ మీద కరిగించి, ఆ బొట్టును తెచ్చి తీగ మీద పూసింది. వేడి తగ్గాలని ఉఫ్ అని ఊదింది.

"ఊదకు!" గుర్వయ్య గావుకేక పెట్టాడు. "అది పాల గ్లాసు గాదు పిల్లా! గట్టిపడుతుంటె కదిలిస్తే లోపల్నే పగుల్తది."

పట్కారు తీశాడు. ఒక్క గుంజు.

"ఊడింది!"

హోటల్ మనిషి వచ్చి చూసిపోయాడు.

"ఐరన్‌కు తినిపిస్తె లాభం లేదు బిడ్డా. తీగ, బోర్డు రెండింటికి ఒక్కసారే వేడి తగలాలె. అవి వేడెక్కినంక అటు పక్కకెల్లి సోల్డర్ ముట్టియ్. దానంతట అదే ఉరుకొస్తది. మెరిసిందా, మంచి అతుకు. బూడిద లెక్క మబ్బుగ, గోళీ లెక్క ముద్దగ ఉందా, గది దొంగ అతుకు."

ఆ నెలంతా అదే తంతు. ఆమె అతికించడం, ఆయన గుంజడం. మొదటి వారం అన్నీ ఊడాయి. రెండో వారం సగం ఊడాయి. ఒకరోజు మంజులత తిక్క రేగి అడిగింది. "కాకా, నువ్వు బాగుచేసేటోడివా, పాడుచేసేటోడివా?"

"గుంజేటోణ్ణి."

మర్నాడు ఆమె ఒక పని చేసింది. తీగను బోర్డు రంధ్రంలోంచి కిందికి దించి, బల్లకే మేకు కొట్టి చుట్టేసి, పైన అందంగా సోల్డర్ బొట్టు పెట్టింది. గుర్వయ్య పట్కారు వేశాడు. రాలేదు. నిలబడి గుంజాడు. రాలేదు. కాలు గోడకు తన్నిపెట్టి గుంజాడు. బల్ల లేచింది, రెండు రేడియోలు దొర్లాయి, స్టూలును తన్నుకుని గుర్వయ్య సందులో పడ్డాడు. అక్కడి నుంచే సంతోషంగా అరిచాడు. "అతుకు ఊడలే గని, నేనే ఊడిన!"

మూడో వారం చివర, మేకు లేని అసలైన అతుకును గుంజి, గుంజి, చెమట తుడుచుకుని "ఊడలే" అన్నాడు. చావుకబురు చెప్పినట్టు చెప్పాడు. మంజులత సందులో ఈల వేసింది.

శనివారం వచ్చింది. చేన్లకు పోయే బాట రాళ్లూ గుంతలూ. ట్రాక్టర్ ట్రాలీలో ఒక పక్క మంజులత, అట్టపెట్టెకు రంగు వేసినట్టున్న ఆమె డబ్బా. ఇంకో పక్క పట్నం కంపెనీ కుర్రాడు విజేందర్, నిగనిగలాడే బూట్లు, అంతకంటే నిగనిగలాడే డబ్బా. ఉద్యోగంలో చేరి రెండో నెల, ఇదే మొదటి పరీక్ష అని దారిలో రెండుసార్లు చెప్పాడు. అతని డబ్బాలోంచి బ్యాటరీకి పోయే వైరు బయటికి వేలాడుతోంది. మధ్యలో కూర్చున్న గుర్వయ్య చూపంతా దాని మీదే.

"కాకా, చేతులేవి?" అంది మంజులత.

చూస్తే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"మొక్కుకున్న బిడ్డా. ఇయ్యాల ఎవ్వలది ముట్ట." దారి పొడుగునా ట్రాలీ ఎగిరినప్పుడల్లా ఆయన ఎగిరాడు గానీ చేతులు బయటికి రాలేదు.

చేనులో ముప్పైమంది జమయ్యారు. పంది దొరకదు కాబట్టి గాలయ్య గొంగడి కప్పుకుని పంది అయ్యాడు. ముందు విజేందర్ డబ్బా. గాలయ్య నాలుగు కాళ్ల మీద గుర్రుమంటూ దాని ముందు నుంచి పోయాడు. చప్పుడు లేదు. తిరిగి వచ్చాడు. చప్పుడు లేదు. మధ్యలో కూర్చుని రెండు బుడ్డలు పీకి తిన్నాడు కూడా.

"ఓ పిలగా, పంది కడుపు నిండ తిని ఇంటికి పోతాంది!" ఎవరో అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. విజేందర్ మూత విప్పాడు. లోపల వైరు ఊడి వేలాడుతోంది. గబగబా మూత మళ్లీ పెట్టబోయాడు. జనం జేబుల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి.

అప్పుడు ఒక చెయ్యి లేచింది.

"నేనే గుంజిన!"

నవ్వు ఆగిపోయింది. ఫోన్లన్నీ గుర్వయ్య వైపు తిరిగాయి. నర్సింగమ్మ నడుముకు కొంగు చుట్టింది.

"నీ శిష్యురాలు గెలవాలని పక్కోని వైరు పీకినవా? తెల్లవడ్డ నెత్తికి సిగ్గు లేదు? గీ పరీక్ష చెల్లది. పిల్లా, నీ డబ్బా తీస్కొని పో."

గాలయ్య గొంగడి తీసి కూతురి వైపు చూశాడు. మంజులతకు కళ్ల ముందు కంపెనీ బస్సు కనబడింది. కాక చేతులు దారంతా ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. ఆ మాట చెబితే చాలు. నోరు తెరిచింది. విజేందర్ ముఖం చూసింది. గుర్వయ్యను చూసింది. ఆయన మేఘాలు లెక్కపెడుతున్నాడు. ఆ ముఖం చూశాక, ఇన్నేళ్లలో గుర్వయ్య గుంజాడని ఊరు నమ్మినవాటిలో ఆయన నిజంగా గుంజినవి ఎన్నో అని ఆమెకు అనుమానమొచ్చింది.

"పెద్దమ్మా," అంది మంజులత. "గుంజింది మా కాకనే. గందుకే బాగుచేసేది నేను. పది నిమిషాలియ్యుండ్రి. అటెంక రెండూ చూసి మీరే చెప్పుండ్రి."

నర్సింగమ్మ గడ్డం ఎగరేసింది. "కానియ్."

బోరు మోటారు షెడ్డులో కరెంటు ఉంది. మంజులత ఐరన్ పెట్టి, స్పాంజిని బోరు నీళ్లలో ముంచి పిండింది. విజేందర్ బోర్డు మీద ఉన్న సోల్డర్ బూడిద రంగు గోళీలా ఉంది. దొంగ అతుకు. దాన్ని కరిగించి తీసేసింది. వైరు కొసను చెక్కి, పోగులు మెలిపెట్టి, రంధ్రంలో దూర్చింది. మొన తుడిచి వేడి పెట్టింది. ఒకటి, రెండు, మూడు. సోల్డర్ ముట్టించగానే నీళ్లలా ఉరికి వైరు చుట్టూ కూర్చుంది. మీదికి వంగి చూస్తున్న ఒక ముసలాయన బుగ్గలు పూరించాడు.

"ఊదకు!" మంజులతా గుర్వయ్యా ఒకేసారి అరిచారు. పాపం ఆయన ఆ గాలిని ఎక్కడ వదలాలో తెలియక షెడ్డు బయటికి పోయి వదిలాడు.

అతుకు మెరిసింది.

గాలయ్య మళ్లీ గొంగడి కప్పాడు. విజేందర్ డబ్బా ఇలా చూసి అలా అరిచింది. పంది ఎగిరి గంతేసింది. తర్వాత మంజులత డబ్బా. ఆటో హారన్ మోతకు పక్క చేను కొంగలు కూడా లేచిపోయాయి. పంది గొంగడి వదిలేసి మనిషై పరుగెత్తింది. జనం చప్పట్లు.

నర్సింగమ్మ రెండు డబ్బాల మధ్య నిలబడి తల గోక్కుంది. "రెండూ అరుస్తున్నయ్. ఇప్పుడెట్ల?"

విజేందర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒక్క మాట. మాది ఖరాబైతే మీరు పట్నం పంపాలె. బాగయి రావడానికి పదిహేను రోజులైతది."

"పదిహేను రోజులు పంది ఉపాసముంటదా?"

"ఉండదమ్మా."

"మరి గిప్పుడు పది నిమిషాలల్ల చేసిందెవలు?"

విజేందర్ బూటు కాలితో మట్టి గీరుతూ మంజులత వైపు చూపించాడు.

"అయిపాయె. పన్నెండు చేన్లకూ పిల్ల డబ్బాలే!" నర్సింగమ్మ ప్రకటించింది. గాలయ్య చేను మధ్యలోంచి రెండు చేతులూ పైకెత్తి "కంపెనీ బస్సు బంద్!" అని అరిచాడు. ఆయన కదిలేసరికి రెండు డబ్బాలూ మళ్లీ అరిచాయి. ఆడవాళ్లు నవ్వలేక బుడ్డల చెట్ల మీదే కూలబడ్డారు.

"నువ్వు మాత్రం మా ఊరి వైర్ల కాడికి వస్తే చేతులు కట్టేయిస్త," అంది నర్సింగమ్మ గుర్వయ్యతో.

"మంచిదక్కా," అన్నాడాయన, సన్మానం అందుకున్నట్టు.

తిరుగు దారిలో ట్రాలీ చాలా దూరం పోయాక విజేందర్ మెల్లగా అడిగాడు.

"పెద్దాయనా, మీరు నా డబ్బా ముట్టనే లేదు."

"ముట్టలే."

"మరి గట్ల ఎందుకు చెప్పిండ్రు?"

"నా ఇజ్జత్ ఎప్పుడో పోయింది తమ్మి. ఇంకో వైరు గుంజినా దానికి తక్కువయ్యేది ఏం లేదు. నీది ఇంక కొత్తది." మళ్లీ తొడల కిందికి చేరిన చేతుల్లోంచి ఒకటి బయటికి తీశాడు. "గని... ఇప్పుడు ఒక్కపారి గుంజనిస్తవా? పొద్దటి సంది పానం కొట్టుకుంటాంది."

మంజులత తన డబ్బా మూత తీసి, డబ్బాను ఆయన ఒళ్లో పెట్టింది. "గుంజు కాకా. నా అతుకే గదా."

పట్కారు పడింది. ఆయన గుంజాడు. మోకాలు పెట్టి గుంజాడు. డబ్బా జారింది, డబ్బాను పట్టుకున్న విజేందర్ జారాడు, వైరు మాత్రం ఉన్నచోటే ఉంది. గుర్వయ్య రొప్పుతూ వెనక్కి వాలి, మంజులతను చూసి, పట్కారు విజేందర్ చేతిలో పెట్టాడు.

"రా తమ్మి. జర నువ్వు చూడు."

విజేందర్ నిగనిగలాడే బూట్లు రెండూ ట్రాలీ అంచుకు తన్నిపెట్టి, పళ్లు బిగించి, నవ్వు ఆపుకుంటూ గుంజాడు.